ముక్కులో కర్రు

పొద్దున్నే లేచి మంచం కింద చాళ్లు పూడ్చుకోవడం లక్ష్ముడికి అలవాటు. అతను గురక పెడితే మట్టినేల దున్నుకుపోతుంది. కాలితో తొక్కి, పైన పేడతో అలుకుతాడు. భార్య అసిరమ్మ బతికున్నప్పుడు ఆ పని ఆవిడ చేసేది. ఆవిడ పోయాక ఇంట్లో ఒక్కటే మంచం.

మొన్న ఊళ్లోవాళ్లు శ్రీకూర్మం వెళ్తూ అతన్ని వ్యాను ఎక్కనివ్వలేదు.

"దారిలో కునుకు తీసినావంటే బండి అడుగు సీలిపోతాది మావా. ఏటీ అనుకోకు" అన్నాడు వ్యాను నడిపే చినబాబు.

మర్నాడే లక్ష్ముడు బస్సెక్కి విజయనగరంలో ముక్కు డాక్టరమ్మ అరుణశ్రీ దగ్గరకు వెళ్లాడు.

"నేల ఎంత లోతు తెగుతోంది తాతగారూ?" అని అడిగిందామె, ముక్కులోకి లైటు వేసి చూస్తూ.

"జానెడు తెగతాదమ్మా."

"వంకర అంతలా ఉంది మరి. రెండు రంధ్రాల మధ్య, లోపలగా ఉండే ఈ ఎముకని వోమర్ అంటారు. లాటిన్ మాట. నాగలి కర్రు అని అర్థం. ఆకారం అచ్చం కర్రులా ఉందని వెనకటి వైద్యులు ఆ పేరే పెట్టేశారు. గురువారం రండి, సరిచేస్తాను. ఇక నేల కదలదు."

"అప్పుడు నలుగురూ నన్ను పక్కన పడుకోనిస్తారా?"

"ఎందుకు పడుకోనివ్వరు?"

గురువారం సంచి పట్టుకుని బయల్దేరితే గురమ్మ అడ్డమొచ్చింది. మొగుడు పోయిన మనిషి. కాలువ పక్కన సన్నటి పొలం చెక్క ఒక్కటే ఆమెకు ఆధారం. అందులోకి ట్రాక్టరు దిగదు. ఊళ్లో ఎడ్లు లేవు. వాన పదును ఆరిపోతోంది. ఇవాళ దున్నకపోతే ఈ ఏడు నువ్వులు లేనట్టే.

"కోయించుకుందువుగానిలే బావా. ముందు నా సెక్కలో ఓ కునుకు తియ్యి. మజ్జానం బస్సుకెళ్దువు."

"అడిగితే వస్తాదేటే నిద్దర?"

"అంబలి తాగు, అదే వస్తాది."

తాగాడు. చెక్కలో వేసిన నులకమంచం మీద వాలాడు. గురక మొదలవగానే గురమ్మ మంచానికి తాడు కట్టి, భుజాన వేసుకుని లాగింది. వెనకే చాలు పడుతూ వచ్చింది. గురక ఆగితే తనూ ఆగి చెమట తుడుచుకుంది.

లక్ష్ముడు కళ్లు తెరిచేసరికి చెక్క అవతలి కొసన ఉన్నాడు. ముఖం మీద ఎండ పడకుండా గురమ్మ చేట అడ్డం పట్టుకుని కూర్చుంది. నిద్ర లేచేసరికి పక్కన మనిషి ఉండి ఎన్నాళ్లయిందో.

"బస్సెలిపోనాదేటి?"

"ఎప్పుడో ఎలిపోనాది. లేపుదావనే అనుకున్నాను. ఆ మూల మిగిలిపోనాది బావా."

లక్ష్ముడు ఆ మూలకేసి చూశాడు.

"మలుపుకాడ మెల్లగా లాగు. ఇందాక పడిపోబోనాను" అని, అటు తిరిగి కళ్లు మూసుకున్నాడు.