మూతపెట్టిన కంచం

ఆల్బమ్‌లో పదకొండు పాటలున్నా జనంలోకి ముందుగా వదిలేది ఒక్కటే. చిలీ దేశంలోని కన్సెప్సియోన్ ఊళ్లో రాక్ బ్యాండ్‌లకు ఆ మొదటి పాట మీదే ఏడాది బతుకంతా ఆధారపడి ఉంటుంది. ఈసారి ఒక బ్యాండ్‌లోని నలుగురూ చేతులెత్తి ఎంచుకున్నది యాస్నా రాసిన పాట. ఆమె బాస్ గిటార్ వాయిస్తుంది. పాడేది గాస్పర్.

ఆ పాట ఆమె అన్న నిబాల్దో గురించి. ఆరేళ్ల కిందట తోమే రేవు నుంచి చేపల వేటకు వెళ్లిన అతని పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. వాళ్లమ్మ ఎల్బా ఇప్పటికీ సాయంత్రం టీ వేళ కొడుకు వంతు రొట్టె కంచంలో పెట్టి మూతేస్తుంది. పాటంతా ఆ కంచమే.

కానీ రాసింది యాస్నా అని ఎక్కడా ఉండదు. ఏ పాటైనా నలుగురి పేర్లతోనే రావాలని ఇరవయ్యేళ్ల వయసులో నియమం పెట్టింది ఆమే. మనలో ఒకరు ఎక్కువా, ఒకరు తక్కువా ఏమిటని ఆ రోజు పెద్ద ఉపన్యాసమే దంచింది. మిగతా ముగ్గురూ ఎందుకు కాదంటారు? వాళ్లకు పాట రాయడం చేతకాదు.

అందుకే గాస్పర్‌ని ఒక్కటే అడిగింది. రేడియోలో పాట వేసే ముందు, అది ఎవరి గురించో నోటితో చెప్పమంది. దానికేం భాగ్యం అన్నాడతను. యాస్నా తల్లికి ఫోన్ చేసి, అయిదింటికి రేడియో పెట్టుకోమని, అన్నయ్య మాట వస్తుందని చెప్పింది. పాటను ఆమెకు అంతవరకూ వినిపించలేదు. ఎల్బా సంబరపడి, ఒకప్పుడు కొడుకుతో వేటకు వెళ్లిన జాలర్లందరినీ ఇంటికి పిలిచింది.

స్టూడియోలో పాట ఎవరి గురించన్న ప్రశ్న రానే వచ్చింది. గాస్పర్ జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"నన్నొదిలేసి పోయిన ఒకమ్మాయి ఉందిలెండి. టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. నెల్లాళ్లు తన కంచం తియ్యలేకపోయా."

యాస్నా ముందు కూడా మైకు ఉంది. నోరు తెరిస్తే మొదటి పాట మొదటి రోజే నవ్వులపాలవుతుందని భయపడింది. ఆ పిరికితనానికి తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంది.

బయటికొచ్చాక నిలదీస్తే గాస్పర్ విసుక్కున్నాడు. "ఎండాకాలంలో చావు పాట ఎవడు వింటాడే? నీ పాట బతికింది, సంతోషించు."

యాస్నా ఇంటికి వెళ్లేసరికి జాలర్లు వెళ్లిపోయారు. ఎల్బా ఖాళీ కప్పులు కడుగుతోంది. అన్నయ్య మాట రాలేదేమని, వాళ్లంతా చివరిదాకా కూర్చున్నారని అంది. తర్వాత జాలిగా నిట్టూర్చింది.

"ఆ గాస్పర్ పాపం, బాగా దెబ్బతిన్నాడమ్మా. కంచం బాధ నాకు తెలుసు. ఓసారి ఇంటికి తీసుకురా, ఇంత తిండి పెడతా."

"అమ్మా, అది అన్నయ్య పాటే. నేనే రాశాను."

ఎల్బా కూతురి వంక అదోలా చూసింది. ఎవరి కష్టాన్నో తెచ్చి మీ అన్నకు అంటగట్టొద్దంది. యాస్నా సంచిలోంచి డిస్కు అట్ట తీసి చేతికిచ్చింది. ఎల్బా కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో పేరూ చదివింది.

"మీ నలుగురి పేర్లూ ఉన్నాయి. మనవాడి పేరేదే?"

అట్ట మీదే కాదు, పాటలోనూ ఎక్కడా లేదు. పేరు లేకుండా రాస్తేనే అది అందరి పాట అవుతుందని రాసిన రోజు యాస్నా మురిసిపోయింది. అయింది.