కోలుకున్నవాళ్ళు

డ్రిల్లరు మామ ఆ రోజు వరండా ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచాడు. రాతిపొడి మిల్లులో జబ్బుపడ్డవాళ్ళకిచ్చిన కసరత్తుల గదిలో ఉన్న ఆయాసం మనుషులందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మిల్లు సూపర్‌వైజరు కూడా కొట్టాడు.

"బ్రహ్మాండంగా ఉన్నావు. సోమవారం నుంచి పొడి సెక్షన్‌లోకి వచ్చెయ్," అన్నాడు.

మామ గోడ పట్టుకున్నాడు.

"పొడిలోకా? ఆయన ఊపిరితిత్తులు బాగుపడలేదు సార్," అంది కసరత్తులు నేర్పే అమ్మాయి. "రాతిపొడి పట్టాక ఇక బాగుపడవు కూడా. కాళ్ళు బలపడ్డాయి, ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోవడం వచ్చింది. అంతే."

"నడుస్తున్నాడు కదమ్మా. నడిచేవాడు రోగి ఎలా అవుతాడు? రాకపోతే ఉద్యోగం ఉండదు," అని వెళ్ళిపోయాడు.

కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు చేస్తున్న జల్లెడక్క లేచింది లేచినట్టే నిలబడిపోయింది. మిల్లులో రాతిపొడి జల్లించీ జల్లించీ ఆమెకు ఆ పేరే స్థిరపడింది. జబ్బూ అక్కడే పట్టుకుంది. చేతులెత్తితే చాలు ఊపిరాడేది కాదు. ఈ గదికి వచ్చాకే మళ్ళీ తన తల తాను దువ్వుకోగలిగింది. ఆ గది ఊరికే రాలేదు. దగ్గుతూ, రొప్పుతూ మిల్లు గేటు ముందు బైఠాయిస్తే వచ్చింది. వాళ్ళను కూర్చోబెట్టి నినాదాలిచ్చింది యూనియన్ కార్యదర్శి, ఆమె సొంత తమ్ముడు. తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

"మావాడికి తెలిస్తే ఊరుకోడు, పదండి," అంది.

యూనియన్ ఆఫీసులో తమ్ముడు ఫ్యాను వేశాడు, కుర్చీలు లాగాడు. అంతా విన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"నీకు ముందే తెలుసా?" అంది అక్క.

"గది ఇవ్వడానికి వాళ్ళో షరతు పెట్టారక్కా. కోలుకున్నవాళ్ళు పాత పనిలోకే పోవాలని."

"ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

"అడిగితే మీరు ఒప్పుకునేవాళ్ళా? అసలు గదే వచ్చేది కాదు. ఏదో ఒకటి సాధించుకురావాలి కదా నేను."

"మమ్మల్ని లేపి నిలబెట్టి, మళ్ళీ ఆ మరలోకే తోయడమా నువ్వు సాధించింది?" అన్నాడు డ్రిల్లరు మామ. ఆపైన ఊపిరందక బల్ల మీదికి వాలిపోయాడు.

నిన్ను చదివించడానికే ఆ పొడి మింగానురా అన్న మాట జల్లెడక్క నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే ఇది అక్కాతమ్ముళ్ళ గొడవైపోతుంది. మామ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆఫీసు మెట్ల మీదే మీటింగు. "దీనికింత ఆలోచనెందుకు?" అన్నాడు వెటకారం బాబాయ్, ఒకప్పటి పాలిష్ పనివాడు. "రేపట్నుంచి అందరం సగం దూరంలోనే కూలబడదాం. నేను బాగా నటిస్తాను, మా ఆవిడ్నడగండి."

అందరూ నవ్వారు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఆగి కసరత్తులమ్మాయి అంది: "బాగుపడకపోతే గది దండగని మూసేస్తారు."

"బాగుపడితే పొడిలోకి, లేకపోతే మంచం మీదికి. ఇంకెటు పోవాలి మనం?" అన్నాడు మామ.

"మిల్లుకే," అంది జల్లెడక్క. "రమ్మన్నారుగా, అందరం పోదాం. లోపల పనిచేసేవాళ్ళు మనల్నెప్పుడూ సరిగ్గా చూడలేదు. చూడనిద్దాం."

సోమవారం పొద్దున వాళ్ళు రోడ్డెక్కారు. నాలుగడుగులు వేయడం, ఆగడం, మోకాళ్ళ మీద చేతులాన్చి వంగడం, పెదాలు సున్నా చుట్టి మెల్లగా గాలి వదలడం. ఒకాయన చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండరు లాక్కుంటూ వచ్చాడు. షిఫ్టు మారే వేళ. ఒళ్ళంతా తెల్లటి పొడితో పనివాళ్ళు గేటు దగ్గర గుమిగూడారు. తమ్ముడు ఎదురొచ్చాడు.

"పరువు తీయకక్కా. ఇంటికి పద. నీకు బయట పని ఇప్పిస్తాను."

"నాకొక్కదానికేనా?"

ఆమె జనం వైపు తిరిగింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంది.

"చూడండి. మేం కోలుకున్నవాళ్ళం. రేపు మీరూ... ఇలాగే కోలుకుంటారు."

జల్లెడ దగ్గర పనిచేసే ఒక పిల్ల మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పింది. "మెట్లెక్కుతుంటే నాకూ ఆయాసం వస్తోంది. చెబితే పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు."

"నాకూ," అన్నారెవరో వెనకనుంచి.

లోపల ఎవరో మిల్లు ఆపేశారు. ఆ హోరు ఆగాక, అన్నాళ్ళూ దాని కింద అణిగిపోయిన దగ్గులు నాలుగు వైపులా వినబడ్డాయి.

పోలీసులొచ్చి జల్లెడక్కను వ్యాను ఎక్కించారు. తమ్ముడు ఇన్‌స్పెక్టరు చెవిలో ఏదో చెప్పి కిటికీ దగ్గరికొచ్చాడు. "మాట్లాడానక్కా. నిన్ను వదిలేస్తారు, దిగు."

"మళ్ళీ ఎవర్నడిగి మాట్లాడావు?" అంది. దిగలేదు.

డ్రిల్లరు మామ వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు. ఆగాడు. గాలి పీల్చుకుని ఇంకో కాలు పెట్టాడు. పోలీసులు ఏం చేయాలో తెలీక చూస్తున్నారు. ఆయన వెనకే జల్లెడ పిల్ల, ఆమె వెనక పొడి సెక్షన్‌వాళ్ళు ఎక్కారు. తమ్ముడు పక్కకు జరిగి దారిచ్చాడు. ఎవరూ అతని మొహం చూడలేదు.

వ్యాను నిండిపోయింది. ఇన్‌స్పెక్టరు ఇంకోదానికి ఫోన్ చేశాడు. అది వచ్చేసరికి మిగతావాళ్ళు దానికీ వరస కట్టి నిలబడి ఉన్నారు.