వంతు తప్పిన దెబ్బ

నేను ఒక గోల్ఫ్ కర్రను. కర్ర అనడం మాటవరసకే, ఒళ్లంతా ఇనుమే. తల అడుగున ఏడు అంకె చెక్కి ఉండబట్టి క్లబ్బులో నన్ను సెవెన్ ఐరన్ అంటారు. కొట్టాల్సిన దూరం మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు అనిపించినప్పుడు సంచిలోంచి నన్ను లాగుతారు. ఇంట్లో నడిపి సంతానానికి ఎంత గౌరవం దక్కుతుందో నాకూ అంతే దక్కింది.

పంజాబులో ఒక కొలిమిలో పుట్టాను. నన్ను కాల్చి సాగగొట్టిన పెద్దాయన జన్మలో గోల్ఫ్ మైదానం మొహం చూసి ఉండడు. విశాఖపట్నం చేరాక మొదట ఒక ఓడల కంపెనీ మేనేజరు చేతిలో పడ్డాను. ఆయన బంతిని తుప్పల్లోకి కొట్టి, కోపం నా మీద చూపించి నేలకేసి బాదేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత గోల్ఫ్ కర్రకీ వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. బదిలీ అయి వెళ్తూ ఆయన నన్ను భానోజీరావుగారికి వదిలేశాడు. ఈయనేమో నన్ను తన బావమరిది కూర్మారావు చేతిలో పెట్టారు. బతుకులో నేను చూసిన సుఖమూ కష్టమూ ఆ బావా బావమరుదుల మధ్యే.

భానోజీరావుగారు రేవు బయట ఆగిన ఓడలను రేవులోకి తెచ్చే పైలట్‌గా పనిచేసి రిటైరైన మనిషి. గీత దాటితే ఓడ మునుగుతుందన్న భయం ఉద్యోగంతో పోలేదు, ఆటలోకి కూడా వచ్చింది. కూర్మారావు పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల నోరు తెరిపించడం అతని వృత్తి, తన నోరు మూసుకోకపోవడం అతని స్వభావం.

ఆట నేర్పిన మొదటి రోజు భానోజీరావుగారు బావమరిదిని టీ మీద నిలబెట్టారు. ఈ ఆటలో బంతిని ఒక గుంట తర్వాత ఇంకో గుంటలో వేసుకుంటూ పోవాలి. ఏ గుంటకైనా తొలి దెబ్బ కొట్టే చదునైన పచ్చిక గట్టును టీ అంటారు. దాని మీద రెండు రంగు దిమ్మలుంటాయి. బంతిని వాటి మధ్యనే పెట్టాలి, ఆ రెంటినీ కలుపుతూ గీత ఉందనుకుని దాన్ని దాటి ముందుకు రాకూడదు.

"ఒరే కూర్మం, ఇక్కడ అడుగుపెట్టేవంటే గుళ్లో అడుగుపెట్టినట్టే. కొట్టేవాడి వెనకాల నిలబడకు. నీ నీడ బంతి మీద పడనీకు. ముందు వెళ్లినవాళ్లు దూరం జరిగేవరకూ కొట్టకు. ముందటి గుంట ఎవడు గెలిస్తే తొలి దెబ్బ వాడిది, దాన్ని ఆనర్ అంటారు. అన్నిటికంటే ముఖ్యం, ఒకడు బంతి పెట్టుకుని నిలబడ్డాక పెదవి కదపకు."

"గుళ్లో అయితే గంటైనా కొట్టనిస్తారు బావా. ఇక్కడ దగ్గినా తప్పంటావేటి?" అన్నాడు కూర్మారావు.

ఇలా చెప్పి చెప్పి భానోజీరావుగారు క్లబ్బులో అందరికీ దూరమయ్యారు. ఎవరి టోపీ వంకర ఉన్నా, ఎవరి ఫోను మోగినా ఆయన నోటి నుంచి ఒక రూలు ఊడిపడేది. ఆయనతో జోడీ కట్టడానికి మిగిలింది కూర్మారావు ఒక్కడే. తెల్లారేసరికి కారు హారన్ కొట్టి, "బావా, లేచేవా? సముద్రం ఎప్పుడో లేచిపోయింది!" అని కేకేసేవాడు. ఆ పొద్దుటి ఆటే లేకపోతే భానోజీరావుగారికి మనసు విప్పి మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

మామూలు రోజుల్లో కూర్మారావు ఆనర్ గీనర్ పట్టించుకునేవాడు కాదు. "పేషెంట్లు నోళ్లు తెరుచుకుని కూర్చునుంటారు బావా" అంటూ ఎవరు ముందు సిద్ధమైతే వాళ్లు కొట్టేద్దామనేవాడు. పెద్దాయన గొణుగుతూనే ఒప్పుకునేవారు. ఎంతటి నియమాల మనిషికైనా ఒక చోట మెత్తదనం ఉంటుంది, ఆయనకు బావమరిది దగ్గర ఉండేది.

క్లబ్బు వరండాలో ఒక టేకు బోర్డు ఉంది. టీ మీది నుంచి ఒక్క దెబ్బతో బంతిని గుంటలో వేసినవాళ్ల పేర్లు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. భానోజీరావుగారు వయసులో ఉన్నప్పటి నుంచీ ఆడుతున్నా ఆయన పేరు అందులోకి ఎక్కలేదు. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం టోపీ సర్దుకునే వంకతో ఒక క్షణం ఆగేవారు.

ఆ ఏడాది క్లబ్బు పోటీల్లో బావా బావమరుదులు ఎదురెదురుగా పడ్డారు. ఒక్కో గుంటనూ గెలిచినవాడి ఖాతాలో వేసే ఇద్దరి మధ్య పోటీ అది. సముద్రం కనిపించే, దూరం తక్కువున్న గుంట దగ్గరికి వచ్చేసరికి ఆట సరిసమానంగా ఉంది. అంతకు ముందు గుంట భానోజీరావుగారు గెలిచారు. ఆనర్ ఆయనది.

కూర్మారావు ఏదో పేషెంటు కథ చెప్పుకుంటూ గట్టెక్కాడు, అలవాటు చొప్పున నన్ను లాగాడు, దిమ్మల మధ్య బంతి పెట్టాడు. భానోజీరావుగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. మాట్లాడలేదు. కూర్మారావు బంతి ముందు నిలబడి, తల తిప్పి ఒకసారి ఆయన వైపు చూశాడు. అప్పుడూ ఆయన మాట్లాడలేదు. తర్వాత నేను గాల్లోకి లేచాను.

అలాంటి తాకిడి నా బతుకులో అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. బంతి నా ముఖానికి తగిలినట్టే అనిపించలేదు. పైకి లేచి, గాలికి కాస్త వాలి, పచ్చిక మీద ఒక్కసారి ఎగిరి, తీరిగ్గా దొర్లుకుంటూ పోయింది. గుంటలో పాతిన జెండా దగ్గరున్న, సంచులు మోసే కేడీ అప్పన్న చేతులెత్తి అరిచాడు.

"పడిపోనాది బాబూ! గుంటలో పడిపోనాది!"

చూడ్డానికి వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కూర్మారావు నన్ను వదిలేసి, చేతులు చాచి బావ వైపు పరిగెత్తాడు.

భానోజీరావుగారు అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఆనర్ నాది. వంతు తప్పి కొట్టేవు. ఆ దెబ్బ రద్దు చేస్తున్నాను. మళ్లీ కొట్టాలి."

రూలు ఉన్నమాట నిజమే. ఇలాంటి పోటీలో వంతు తప్పి కొడితే ఎదుటివాడు వెంటనే ఆ దెబ్బను రద్దు చేయించవచ్చు. వద్దనుకుంటే ఊరుకోవచ్చు, ఊరుకుంటే దెబ్బ చెల్లుతుంది. అంటే రూలు ఆయన్ని ఏమీ బలవంతం చేయలేదు, మనసుకు వదిలేసింది. ఆ మనసులో ఆ క్షణాన టేకు బోర్డు తప్ప ఇంకేమీ లేదని నా అనుమానం.

చప్పట్లు ఆగిపోయాయి. కూర్మారావు చాచిన చేతులు దించుకుని, "సరే బావా. నువ్వు కొట్టు" అన్నాడు. తన వంతు వచ్చినప్పుడు బంతిని ఇసుకలోకి కొట్టాడు. అక్కడి నుంచి అన్నీ ఓడిపోయాడు. ఆఖర్న మర్యాద ప్రకారం టోపీ తీసి చెయ్యి కలిపాడు.

మర్నాడు హారన్ మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. నన్ను కూర్మారావు బీరువా వెనక్కి చేర్చాడు, అక్కడ సాలీడు తప్ప నాకు తోడు లేదు. పండక్కో పేరంటానికో అందరూ కలిసినప్పుడు ఇద్దరూ వడ్డన గురించీ వానల గురించీ మాట్లాడుకునేవారు. ఒకసారి కూర్మారావు ఇంట్లోనే, నేను వింటుండగా, అతని అక్క వైజయంతమ్మ మొగుణ్ని పట్టుకుని నిలదీసింది.

"వాడు బంతి పెట్టుకున్నప్పుడు అంతసేపు నోరు మూసుకున్నారు కదండీ. పడ్డాక ఇంకొక్క నిమిషం మూసుకోలేకపోయేరా?"

భానోజీరావుగారు, "ఒకడు నిలబడ్డాక మాట్లాడకూడదు, అది మర్యాద" అన్నారు. ఆ మాట ఆయనకే రుచించినట్టు లేదు.

కొన్నేళ్లకు కూర్మారావు చేతులకు వణుకు పట్టుకుంది. నరాల జబ్బన్నారు. పళ్ల డాక్టరుకి చెయ్యి వణికితే ఇంకేముంది, క్లినిక్ మూతపడింది. అప్పుడు వచ్చారు భానోజీరావుగారు, మొదటిసారి ఒంటరిగా.

"కూర్మం, ఆ రోజు నీ వంతు కాదని నాకు తెలుసురా. నువ్వు బంతి పెట్టక ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది. మళ్లీ ఆడదాం, రా."

కూర్మారావు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"బంతి పెట్టేక నాకూ గుర్తొచ్చింది బావా, ఆనర్ నీదని. తీసేద్దామనే నీకేసి చూసేను. నువ్వు పలకలేదు. ఎవడికోసమూ రూలు వదలని మా బావ నాకోసం వదిలేడనుకున్నాను. ఆ సంతోషంలో కొట్టేను. అందుకే అంత బాగా తగిలింది."

కూర్మారావు టీ కప్పు ఎత్తబోతే సగం సాసరులో ఒలికింది. ఆడదాం రమ్మన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వెళ్లేటప్పుడు కూర్మారావు భార్య నన్ను బయటికి తీసి ఆయన చేతికిచ్చింది. ఆ చలికాలం దాటకుండానే కూర్మారావు పోయాడు.

ఇప్పుడు నేను భానోజీరావుగారి చేతికర్రను. నా తల ఆయన పిడికిట్లో, నా పిడి నేల మీద. ఆయన ఆట మానేసినా పోటీ రోజుల్లో ఆటగాళ్ల వెనకే నడుస్తారు. ఎవరైనా వంతు కాకుండా బంతి పెట్టుకుని నిలబడితే చాలు, నన్ను ఎత్తి గట్టిగా కేకేస్తారు. "ఆగు బాబూ! వంతు నీది కాదు!" కుర్రాళ్లు ఉలిక్కిపడి విసుక్కుంటారు. ముసలాయనకు మతి చలించిందని వరండాలో నవ్వుకుంటారు కూడా.

మొన్న క్లబ్బు సెక్రటరీ వచ్చి మెల్లగా చెప్పి చూశాడు. "ఒకరు బంతి ముందు నిలబడ్డాక మాట్లాడకూడదు కదండీ. తమరికి తెలియని రూలా?"

"తెలుసు బాబూ" అన్నారు ఆయన. "ఈ క్లబ్బులో ఆ రూలు నేను పాటించినట్టు ఇంకెవరూ పాటించలేదు."