దాహం వెయ్యని మనిషి

పొద్దున్నే వంటగదిలో నేను చేసే ఆఖరి పని బాటిళ్ళు నింపడం. మా ఆయనది నీలం మూత, అమ్మాయిది పసుపు, అబ్బాయిది ఎప్పుడూ మూత పారేసుకుని ఏదో ఒక మూతతో సరిపెట్టుకునేది, మా అత్తయ్యది స్టీలుది. నాలుగూ గట్టు మీద వరసగా నిలబెట్టి, నింపి, తడి తుడిచి, ఎవరిది వాళ్ళ చేతికి అందిస్తాను. అందించకపోతే మర్చిపోతారు. మర్చిపోతే ఆ తప్పు నాది. అయిదో బాటిల్ మా ఇంట్లో లేదు. "మా ఆవిడకి దాహమే వెయ్యదండీ, ఒంటె అనుకోండి" అని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మురిపెంగా చెప్తాడు. నేనూ నవ్వుతాను.

దాహం వెయ్యకపోవడమేమిటి, నా మొహం. నేను ఇంజినీరుగా పనిచేసేది ఊరికి మంచినీళ్ళు పంపే పంపుహౌస్‌లో. రోజంతా ఆ మోటార్ల హోరులో నిలబడి ఊరందరి గొంతులూ తడుపుతాను, నా గొంతు మాత్రం సాయంత్రం ఇల్లు చేరేదాకా తడుపుకోను. ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. మగవాళ్ళకున్న ఒక్కదానికీ గడియ లేదు. గడియతో వాళ్ళకి పనీ లేదు, సగంమందికి ప్రహరీగోడే చాలు. మరీ తప్పనప్పుడు నేను రోడ్డు దాటి పెట్రోలు బంకుకి వెళ్ళాలి. అక్కడి మనిషి తాళంచెవిని ఓ చెక్కముక్కకి కట్టి దగ్గర పెట్టుకుంటాడు. "ఏంటి మేడమ్, మళ్ళీనా?" అంటాడు నలుగురూ వినేలా. ఆ మాట పడలేకే నీళ్ళు మానేశాను.

అలాగని అసలు గదే లేదా అంటే, ఉంది. పంపుహౌస్ వెనకాల, తనిఖీకి వచ్చే పై ఆఫీసర్ల కోసం కట్టిన విశ్రాంతి గది. లోపల తెల్లటి టైల్స్ వేసిన బాత్రూమ్, అద్దం, సబ్బుపెట్టె కూడా. దానికి పైపులు వేయించింది నేనే, దగ్గరుండి. ఎప్పుడో ఏడాదికోసారి ఎవరో వచ్చి చేతులు కడుక్కుని పోతారు. మిగతా రోజుల్లో తలుపుకి తాళం, తాళంచెవి మా పెద్దసారు దగ్గర. ఓసారి సిగ్గు విడిచి అడిగాను. "అది పెద్దవాళ్ళ కోసం కదమ్మా" అన్నారు. పోనీ చిన్నది ఇంకోటి కట్టించమన్నాను. "ఒక్క మనిషి కోసమా?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆయన చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఎప్పుడో పోట్లాడి ఉందును.

కిందటి నెల మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి మంచమెక్కితే డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇలా నీళ్ళు తాగకుండా ఉంటే కిడ్నీలు పాడైపోతాయంది. మా అత్తయ్య నుదురు మీద చెయ్యేసి "ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలి తల్లీ, మేమంతా ఓర్చుకోలేదూ" అంది. మా ఆయన మాత్రం పరిష్కారం కనిపెట్టాడు. ఊళ్ళో ఆఫీసులో కాగితాలు చూసే సెక్షన్‌కి మారిపొమ్మన్నాడు. అక్కడ ఫ్యానుంటుంది, కుర్చీ ఉంటుంది, బాత్రూమ్ ఉంటుంది. "పిల్లలొచ్చే వేళకి ఇంట్లోనూ ఉంటావు" అన్నాడు, అప్పుడే తట్టినట్టు. నాకు మోటార్లంటే ఎంత ఇష్టమో ఆయనకి తెలియక కాదు. బేరింగు అరగబోతుంటే చెయ్యి ఆనించి చెప్పగలనని, ఆగిన మోటారు తిరిగి అందుకుంటే ఆ రోజంతా కూనిరాగాలు తీస్తానని ఆయనే వెక్కిరిస్తుంటాడు. కానీ ఒంట్లో ఓపిక లేనప్పుడు ఇష్టం గురించి వాదించడం కష్టం. సరే అన్నాను. శుక్రవారం పెద్దసారుకి చెప్పేస్తానని మాటిచ్చాను.

ఆ శుక్రవారమే స్కూల్లో మీటింగు వచ్చిపడింది. ఆడపిల్లల్ని ఇంజినీరింగు వైపు రమ్మని పిలవాలని పైనుంచి ఉత్తర్వులట. పంపుహౌస్ మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే కనక పిలవాల్సిందీ నేనే. ఫోటో కోసం కొత్త హెల్మెట్ తెచ్చారు, నాది గీతలు పడి బాగా లేదట. ఆ ఫోటోతో ఇంతెత్తు పోస్టరు, 'మీరూ రండి' అంటూ నేను పళ్ళికిలించుకుని. గది అడిగినప్పుడు ఒక్క మనిషినైన నేను, పోస్టరు దగ్గరికొచ్చేసరికి ఆడజాతి మొత్తాన్నీ అయిపోయాను. పైగా నేనే వెళ్ళిపోతున్నాను. ఇల్లు ఖాళీ చేస్తూ చుట్టాల్ని భోజనానికి పిలిచినట్టుంది నా పని.

స్కూలు హాల్లో స్టేజీ మీద నా పక్కన పెద్దసారు. మా ముందు బల్ల మీద జగ్గు, గ్లాసుల్లో నీళ్ళు. నా గ్లాసుని అలవాటుగా పక్కకి జరిపేశాను. ఆఫీసువాళ్ళు రాసిచ్చిన కాగితం కొంత చదివాక నాకే విసుగొచ్చి మడిచేశాను. మోటార్ల గురించి చెప్పాను. పొద్దున వాళ్ళు మొహం కడుక్కున్న నీళ్ళు ఎంత కిందనుంచి ఎలా పైకి ఎక్కొచ్చాయో చెప్పాను. ఒక రోజు మోటారు మొండికేస్తే దాని పక్కనే కూర్చుని ఎలా బతిమాలి, తిట్టి, విప్పి, బిగించి నడిపించానో చెప్తుంటే పిల్లలు ముందుకి వంగి మరీ విన్నారు. చెప్తూ చెప్తూ నాకే అనిపించింది. ఈ పని వదిలేసి నేనెలా ఉంటాను?

ప్రశ్నలడగమన్నారు. జీతమెంత, భయమేస్తుందా, లెక్కలు రాకపోతే పనికిరామా, ఇలా అడిగారు. అప్పుడు వెనక వరసలోంచి ఓ పొడుగాటి పిల్ల లేచింది.

"మేడమ్, అక్కడ మీరు బాత్రూమ్‌కి ఎక్కడికెళ్తారు?"

హాలంతా కిసుక్కుమంది. టీచరు కూర్చోమని కళ్ళెర్రజేసింది. ఆ పిల్ల కూర్చోలేదు. వాళ్ళక్క రోడ్ల సర్వే పనికి వెళ్ళేదట, ఎంతో ఇష్టంగా. కొన్నాళ్ళకి ఎండ పడట్లేదని ఇంట్లో చెప్పి మానేసిందట. "అసలు సంగతి నాకొక్కదానికే చెప్పింది. అందుకే అడుగుతున్నా" అంది.

పెద్దసారు నా వైపు వంగి, అన్నీ ఉన్నాయని చెప్పెయ్యమన్నారు మెల్లిగా. చెప్పెయ్యొచ్చు. నవ్వుతూ చెప్పెయ్యొచ్చు, నవ్వడం నాకు కొత్తా? ఈ పిల్ల నమ్ముతుంది. చదువుతుంది, వాళ్ళక్కలాగే ఇష్టంగా వస్తుంది. చెక్కముక్క ఊపుతూ ఎవడో "మళ్ళీనా?" అంటాడు. అప్పటికి నేను ఫ్యాను కింద కాగితాలు తిరగేస్తుంటాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో అనుకున్నాను కానీ ఎక్కువ నా మీదే.

"ఎక్కడికీ వెళ్ళనమ్మా" అన్నాను. "పొద్దున్నుంచి నీళ్ళు తాగను. అంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇక దాచడానికేముంది, బంకు సంగతీ జ్వరం సంగతీ తాళమేసిన గది సంగతీ అన్నీ చెప్పాను. ఆ పని మానేస్తానని చెప్పడానికే ఇవాళ బయల్దేరానని కూడా చెప్పాను. మానాలని లేదని చెప్తున్నప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పెద్దసారు గబగబా లేచి, గొంతు సవరించుకుని, సర్దిచెప్పేలా నవ్వి, మీలో ఇంజినీర్లు అయ్యేదెవరో చేతులెత్తండి చూద్దాం అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలంతా ఆయన్నే చూస్తున్నారు.

"ఆ గది తెరిచాక అడగండి సార్" అంది పొడుగాటి పిల్ల.

నేను జరిపేసిన గ్లాసుని దగ్గరికి లాక్కున్నాను. అందరూ చూస్తుండగా గడగడా తాగాను. జగ్గు వంచి ఇంకో గ్లాసు తాగాను.

జీపులో పంపుహౌస్‌కి బయల్దేరాం. ఊరు దాటాక పెద్దసారు, నలుగురిలో తన పరువు తీశానన్నారు. "రెండు గ్లాసులు తాగాను సార్. వెళ్ళేది పంపుహౌస్‌కే కదా" అన్నాను. డ్రైవరు నవ్వాపుకోవడానికి దగ్గాడు. ఇంకాసేపటికి పెద్దసారు జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఒక తాళంచెవి విప్పి నాకేసి చాపారు. తీసుకోవాలనే అనిపించింది, దేవుడా, ఎంతగా అనిపించిందో.

"ఇది నాకిస్తే నా ఒక్కదానికే అవుతుంది సార్" అన్నాను. "తాళమే తీసెయ్యండి."

"పై ఆఫీసర్లొస్తేనో?"

"వాళ్ళూ వాడుకుంటారు."

జీపు దిగగానే ఆయన తిన్నగా పంపుహౌస్ వెనక్కి నడిచి, తనే తాళం తీసి, ఆ తాళాన్ని జేబులో వేసుకుని, తల తిప్పుకుని వెళ్ళిపోయారు. నేను లోపలికెళ్ళి గడియ వేసుకున్నాను. నేను వేయించిన పైపులోంచి నేను పంపే నీళ్ళు ధారగా వస్తుంటే పిచ్చిదానిలా నవ్వాను. ఇంకో సెక్షన్ మాట ఇక నా నోటివెంట రాలేదు.

సాయంత్రం ఇంటికొస్తూ ఓ బాటిల్ కొనుక్కున్నాను. ఎర్ర మూత. పెద్దసారుకి చెప్పావా అని మా ఆయన అడిగితే, అందరి ముందూ చెప్పానన్నాను. అది నిజమే కదా.

మర్నాడు పొద్దున గట్టు మీద అయిదు బాటిళ్ళు నిలబడ్డాయి. ఎర్ర మూతది నింపుకుని, తుడుచుకుని, సంచిలో పెట్టుకున్నాను. బూట్లు తొడుక్కుంటున్న మా ఆయన తలెత్తి చూశాడు. "మరి మావి?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే మా అత్తయ్య మంచం దిగి, తన స్టీలు బాటిల్ పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

"తిప్పండి, నీళ్ళొస్తాయి" అన్నాను చెప్పులేసుకుంటూ. "పంపేది నేనేగా."