రాత్రి చేసుకునే ఊరు

సూర్యుడు అస్తమించని ఊళ్లో ఆడవాళ్లు పని ఎప్పుడు ఆపుతారు?

ఈ సందేహం ఆమెకి ఏడో తరగతిలో పుట్టింది. భూగోళం చెప్పే మాస్టారు గోడకి పటం తగిలించి, దాని పై అంచున కర్రతో కొట్టి, "ఇక్కడ ఎండాకాలంలో రెండు నెలలపాటు పొద్దే గుంకదు" అన్నారు. పిల్లలంతా నోళ్లు తెరిచారు. ఆమె మాత్రం చెయ్యెత్తి, "మరి అక్కడి అమ్మలు ఎప్పుడు పడుకుంటారండీ?" అని అడిగింది. ఆమె ఇంట్లో వరస అది. పొద్దు గుంకగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టేది. ఆ తర్వాత పొయ్యి, ఆ తర్వాత అంట్లు, ఆ తర్వాతే నడుం వాల్చడం. పొద్దే గుంకకపోతే ఆ వరస మొదలయ్యేదెప్పుడు, ముగిసేదెప్పుడు? క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "పెళ్లయ్యాక మీ ఆయన్ని తీసుకెళ్లమను, చూసొద్దువుగాని" అన్నారు.

పెళ్లయింది. ఆయన ఎక్కడికీ తీసుకెళ్లలేదు గానీ, సందేహం మాత్రం ఆమెతోపాటే కాపురానికొచ్చింది. రోజూ సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, దేవుడి ముందు దీపం వెలిగించేటప్పుడు అది మెల్లగా తలెత్తేది. ఆమె దేవుణ్ణి పెద్దగా కోరికలు కోరే మనిషి కాదు. అడగడం మాత్రం అడిగేది. "స్వామీ, ఆ ఊళ్లో నీకు సాయంత్రం దీపం ఎప్పుడు పెడతారు? పెట్టకపోతే నీకు కోపం వస్తుందా? నీకే రాకపోతే, ఇక్కడ ఒక్కపూట వంట ఆలస్యమైతే వీళ్లకెందుకు వస్తుంది?" దేవుడు ఏమీ అనేవాడు కాదు. లోపలినుంచి ఆయన మాత్రం, "దీపం అయిందా? కాఫీ ఏమైనా ఉందా ఈ పూటకి?" అనేవారు.

ఆ ఇంట్లో ఆమె సందేహానికి నవ్వని మనిషి అత్తగారొక్కరే. కొత్త కోడలిగా మేడమీద ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె ఈ సంగతి చెబితే, ఆవిడ దుప్పటి రెండో కొస పట్టుకుని కాసేపు ఆలోచించి, "అలాంటి ఊరుంటే నన్నూ తీసుకెళ్లు అమ్మాయ్. అక్కడివాళ్లు పనెలా ఆపుతారో చూసి నేర్చుకుంటాను" అన్నారు.

ఆవిడకి ఆమె ఒక బాకీ కూడా పడి ఉంది. కొడుకు పుట్టిన కొత్తలో, చంటివాడి ఏడుపుతో వారాల తరబడి కంటిమీద కునుకు లేక, ఆమె గిన్నె తోముతూ నిలబడ్డచోటే తూలిపోయింది. అత్తగారు ఆమె చేతిలోని గిన్నె లాక్కుని, గదిలోకి తోసి, తలుపు మూసి, చంటివాణ్ణి ఒళ్లో వేసుకుని గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే ఎవరో చుట్టాలు దిగారు. "కాఫీ ఎవరు పెడతారమ్మా? లేపు దాన్ని" అని ఆయన విసుక్కోవడమూ, "కోడలు నిద్రపోతోంది. లేపను" అని అత్తగారు అనడమూ ఆమెకి తెలిసీ తెలియని నిద్రలో వినిపించాయి. ఆ మాటంత చల్లని దుప్పటి ఆమెమీద ఎవరూ ఎన్నడూ కప్పలేదు. లేచాక అత్తగారు, "ఈ నిద్ర నాకు బాకీ, గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా తీర్చు" అని నవ్వారు.

అదెంత పని, వచ్చే ఆదివారమే తీర్చేద్దాం అనుకుంది. ఆ ఆదివారం పాతికేళ్లయినా రాలేదు. అత్తగారు ఇలా కళ్లు మూస్తే చాలు, "అమ్మా, నా కళ్లజోడెక్కడ?" అని ఒకరు, "నానమ్మా, ఆకలి" అని ఒకరు. ఆమె గుమ్మం దగ్గర కాపలా ఉందామన్నా, ఆమెని కూడా అదే సమయానికి ఇంకోచోటికి పిలిచేవాళ్లు.

ఆమె ఉద్యోగం ఒక చిన్న టికెట్ల ఆఫీసులో. ఎవరు ఏ దేశం పోవాలన్నా ఏ నెలలో పోవాలి, ఏ విమానం దిగి ఏది ఎక్కాలి, ఏం కట్టుకుపోవాలి అన్నీ ఆమే సర్దిపెడుతుంది. ఓనరు ఆ కాగితాలు అందుకుని, "నేనే స్వయంగా కూర్చుని తయారుచేశానండీ" అని వచ్చినవాళ్లకి అందిస్తాడు. ఆమెవైపు తిరిగి, "అమ్మా, రెండు టీలు" అంటాడు. లోకమంతా ఆమె వేళ్లమీదుగా ఎగిరిపోతుంది, సాయంత్రం ఆమె బస్సు పట్టుకుని ఇంటికి పోతుంది.

ఒకరోజు ఉత్తర ధ్రువం వైపు దేశంలోని విమానాల కంపెనీ ఒకటి, మంచుసముద్రం ఒడ్డున ఒక పల్లెకి చిన్న విమానాలు నడిపేది, ఈ ఆఫీసుకి కానుకగా, ఇక్కణ్ణుంచి రానూపోనూ, రెండు సీట్లు ఇచ్చింది. సంవత్సరంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు. ఓనరు ఆ విమానం ఫొటో చూసి, "అమ్మో, గాలిపటంలా ఉంది. నువ్వెళ్లమ్మా. నాకు పెళ్లాం పిల్లలున్నారు" అన్నాడు. తనకీ మొగుడూ పిల్లాడూ ఉన్నారని ఆమె గుర్తుచేయలేదు. అతను మనసు మార్చుకుంటాడేమోనని ఆ కాగితాన్ని గబగబా సంచిలో పెట్టేసుకుంది.

ఇంట్లో చెప్పిన గంటకల్లా ఆయన ఫోనులో ఎవరితోనో, "మాకు రెండు టికెట్లు వచ్చాయి, ఉత్తర ధ్రువం దగ్గరికి" అంటున్నారు. ఆయనకి ఫొటోల పిచ్చి. చలికాలంలో అక్కడి ఆకాశంలో పచ్చటి వెలుగులు ఆడతాయని చదివారు.

"చలికాలానికి రాయించు."

"ఎండాకాలం అయితే బాగుంటుందండీ. పొద్దు గుంకకుండా ఉండటం చూడాలని నాకు..."

"ఎండాకాలంలో నాకు సెలవు దొరకదు. అయినా ఎండ చూడ్డానికి అంత దూరమా? మేడమీదికెళ్లి నిలబడు, టికెట్టు కూడా అక్కర్లేదు" అన్నారాయన. కొడుకు నవ్వాడు. ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లోనే ఉంటున్నవాడు, నాన్న జోకులకి నవ్వడం మాత్రం మానలేదు.

ఆమె ఆ రాత్రి అంట్లు కడుగుతూ ఆలోచించింది. చలికాలంలో అక్కడ వారాల తరబడి పొద్దే పొడవదు. పొద్దు పొడవని ఊళ్లో ఆడవాళ్లు పని ఎప్పుడు మొదలుపెడతారని ఆమె ఎవర్నీ అడగలేదు. ఆ జవాబు ఆమెకి తెలుసు. చీకట్లోనే.

ఆయన ఏదైనా ముందే సరిచూసుకునే మనిషి. చిన్న విమానంలో మనిషికి పదిహేను కిలోలకి మించి తేనివ్వరని ఆమె చెప్పగానే, ఆ ఆదివారమే కొక్కెం కాటా తెచ్చి హాల్లో సంచులు తూచడం మొదలుపెట్టారు. ఆయన కెమెరాలు, బూట్లు, స్వెట్టర్లకే ఆయన పదిహేను నిండిపోయాయి. "ఈ కెమెరా స్టాండు నీ దాంట్లో పెట్టు" అన్నారు. ఆ తర్వాత కుక్కర్ వచ్చింది. కరెంటు పొయ్యి వచ్చింది. బియ్యం, కారం, ఉప్పు పొట్లాలు వచ్చాయి. "అక్కడి తిండి నాకు పడదు. నువ్వుంటావుగా" అన్నారు. కాటా ముల్లు పదిహేను దగ్గర ఆగింది.

ఆమె బట్టలు ఇంకా మంచంమీదే ఉన్నాయి. రెండు జతలు, ఉన్ని మేజోళ్లు, అరచేతిలో పట్టే దేవుడి పటం, చిన్న దీపపు కుంది.

"ఇవెక్కడ పెట్టనండీ?"

"కోటు ఒంటిమీద వేసుకో, బరువు లెక్కలోకి రాదు. మిగతావి ఎందుకు? ఒక జత చాలదూ? ఎలాగూ ఇంట్లోనేగా ఉంటావు!"

ఆ మాట ఆయన కోపంతో అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. వర్షం వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నారు. భూగోళం పై అంచుకి, మాస్టారి కర్ర తగిలిన చోటికి, మూడు విమానాలు మారి వెళ్లినా తను ఇంట్లోనే ఉంటుందన్నమాట. అక్కడ కుక్కర్ కూతకి ఎదురుచూస్తూ, కిటికీలోంచి ఆయన వెలుగులు ఫొటో తీయడం చూస్తుందన్నమాట. ఆమెకి ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. నవ్వూ రాలేదు. ఒంట్లో ఎప్పట్నుంచో వంగి ఉన్నదేదో నిటారుగా లేచి నిలబడినట్టు అనిపించింది.

సంచి జిప్పు తీసి కుక్కర్ బయట పెట్టింది. పొయ్యి తీసింది. పొట్లాలు తీసింది. స్టాండు తీసి జాగ్రత్తగా గోడకి ఆనించింది. మంచంమీంచి తన బట్టలు, పటం, కుంది తెచ్చి పెట్టుకుంది. సంచి ఎత్తి చూస్తే ఒక్క చేత్తో లేచింది.

"ఏం చేస్తున్నావ్?"

"నేను ఎండాకాలంలోనే వెళ్తానండీ."

"నాకు సెలవు దొరకదని చెప్పానా లేదా?"

"చెప్పారు. అందుకే మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

"ఒక్కదానివే పోతావా?"

"లేదు. రెండో సీటు అత్తయ్యది."

మూలన కూర్చుని కూరగాయలు తరుగుతున్న అత్తగారి కత్తి ఆగిపోయింది. ఆయన తల్లివైపు తిరిగారు. "అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి. నీకు మోకాళ్ల నొప్పులు. ఆ చలికి నువ్వు తట్టుకోగలవా?"

అత్తగారు కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నారు. "నా మోకాళ్లు ఇన్నాళ్లకి గుర్తొచ్చాయేరా నీకు? రోజూ పొయ్యి దగ్గర నిలబడేది వాటిమీదే కదా."

"మరి మాకు అన్నం?" అన్నాడు కొడుకు.

"కుక్కర్ ఇక్కడే ఉందిగా నాన్నా. మీ అమ్మ ఇప్పుడేగా తీసి పెట్టింది."

మర్నాడు ఆఫీసులో ఆమె రెండో సీటుకి అత్తగారి పేరు రాసింది. చుట్టాలు ఫోన్లు చేసి, "అత్తాకోడళ్లు హనీమూన్‌కి పోతున్నారట?" అని ఆటపట్టించారు. "అవునండీ, ఆలస్యమైంది" అంది. డాక్టరుకి చూపించి మోకాళ్లకి పట్టీలు తెచ్చింది. పొగమంచు పడితే ఆ పల్లెకి విమానాలు ఎగరవని దారిలో రెండు రోజులు అదనంగా వేసుకుంది. అక్కడ ఎండాకాలం దోమలు ఎక్కువని టోపీలకి వల కుట్టింది. ఎంతోమందికి చేసిపెట్టిన పనే. తనకోసం చేస్తుంటే అదే పని ఆడుకున్నట్టు ఉంది.

బయల్దేరేముందు అత్తగారికి ఒక్క బెంగ పట్టుకుంది. "మనం లేని రోజుల్లో ఇక్కడ దీపం ఎవరు పెడతారే?"

"మీ అబ్బాయి."

"వాడికి వత్తి ఎటు వెలిగించాలో తెలుసా?"

"దేవుడికి తెలుసు కదా అత్తయ్యా. నేర్చుకునేదాకా ఓపిక పడతాడు."

చివరి విమానం ఎక్కేచోట ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పెద్ద కాటా. సంచులే కాదు, మనుషుల్నీ దానిమీద నిలబెట్టి రాసుకున్నారు. "అదేంటే, మనల్నీ సరుకులా తూస్తారా?" అని అత్తగారు కంగారుపడి, కాటా దిగాక ఆమె చెవిలో, "ఇన్నేళ్లకి మన బరువు తెలుసుకుందామని అడిగినవాళ్లు వీళ్లే" అన్నారు. విమానం నిజంగానే గాలిపటంలా ఊగింది. కింద మంచు పలకలు పగిలిన అద్దం ముక్కల్లా తేలుతున్నాయి. అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని దేవుడి పేరు తలుచుకుంటూ, కళ్లు మాత్రం కిటికీమీంచి తిప్పలేదు.

దిగిన ఊళ్లో చెట్టన్నది లేదు. రంగురంగుల చెక్క ఇళ్లు, రాళ్ల దారి, చివర బూడిద రంగు సముద్రం. వాళ్లకి గది ఇచ్చిన ఇంటావిడ ఎర్రటి బుగ్గల మనిషి. వేడివేడిగా అన్నీ వండి, టేబులు మీద పెట్టి, తనూ వాళ్లతోపాటు కూర్చుని తింది. తిన్న పళ్లేలు తీయడానికి అత్తగారూ ఆమే ఒకేసారి లేచారు. ఇంటావిడ ఇద్దర్నీ భుజాలు పట్టి కూర్చోబెట్టింది. గడియారం రాత్రి వేళ చూపిస్తోంది. కిటికీలో మాత్రం మన సాయంత్రపు ఎండ.

ఆమె తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, ఏడో తరగతినాటి ప్రశ్న అడిగింది. "ఇక్కడ పొద్దు గుంకదు కదా. మీరు పని ఎప్పుడు ఆపుతారు?"

ఇంటావిడకి ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. లేచి కిటికీ దగ్గరికెళ్లి, దళసరి నల్ల తెరని ఒక్క లాగు లాగింది. గది చీకటైపోయింది.

"ఇక్కడ రాత్రి దానంతటది రాదు. మేమే చేసుకుంటాం" అంది.

వాళ్ల గదిలోనూ అలాంటి తెరే ఉంది. అత్తగారు దాన్ని తనే లాగి, బల్లమీద దేవుడి పటం ఆనించి, కుందిలో వత్తి వెలిగించారు. ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారు. ఆమె కాపురానికొచ్చాక మొదటిసారి, దీపం తర్వాత చేయాల్సిన పనేదీ లేదు. పొయ్యి లేదు, అంట్లు లేవు. దేవుడు పటంలో ఎప్పటిలాగే ఉన్నాడు. కోపం వచ్చినట్టేమీ లేదు.

"కాసేపు నడుం వాలుస్తాను, లేపుతావు కదూ?" అన్నారు అత్తగారు.

ఆమె దుప్పటి కప్పి, తలుపు దగ్గరికి వేసి, వరండాలోంచి ఒక ముక్కాలిపీట తెచ్చుకుని గుమ్మం ముందు కూర్చుంది. వరండా కిటికీలోంచి వెచ్చటి ఎండ పాదాలమీద పడుతోంది. దూరంగా ఏదో పక్షి అరుస్తోంది. ఫోను మోగింది. ఆయనే. ఇంటి దగ్గర అప్పటికి తెల్లారిపోయింది.

"ఆ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చారు? పొయ్యిమీద కూర మాడిపోతోంది. నీకు తెలియకపోతే అమ్మని పిలువు, త్వరగా."

పాతికేళ్ల కిందటి మాట ఆమె నోట్లోకి తనంతట తనే వచ్చింది. గొంతు పెంచలేదు, తలుపు వెనక నిద్ర చెదరకూడదు కదా.

"అత్తయ్య నిద్రపోతున్నారు. లేపను."