గీత మీది చుక్కలు

మా శ్రీరామ్మూర్తి గారికి సముద్రమంటే ఒళ్లు మంట, ఎందుకంటే అది ఆయన మాట వినదు. 1978లో విశాఖలోని మా ఆఫీసులో ఆయన అలల ఎత్తును ముందే చెప్పే లెక్క ఒకటి కట్టారు. దాని ప్రకారం అలలు మా పేట దాకా రావు, రాతిగోడ అక్కర్లేదు. ఆ పేటలో సముద్రం వైపు మొదటిల్లు మాది.

బొమ్మ గీయడం నా పని. లెక్క చెప్పిన ఎత్తు అడ్డంగా, నీళ్లలోని యంత్రం కొలిచిన ఎత్తు నిలువుగా తీసుకుని రోజుకో చుక్క పెట్టాలి. లెక్క నిజమైతే చుక్కలన్నీ ఏటవాలు గీత మీద పడాలి. ఒక్కటీ పడలేదు, అన్నీ గీతకు పైనే తేలాయి.

"గీత లావుగా గియ్యవయ్యా అర్జునరావ్. చుక్కలు కూడా పెద్దవి చెయ్యి," అన్నారు సారు.

సున్నుండలంత చేసినా గీతను తాకలేదు.

మర్నాడు కొత్త అంకెలు తెచ్చారు. యంత్రం పని చేయని రోజులకు తన లెక్క చెప్పిన ఎత్తులే కొలతలుగా రాసేసుకున్నారు. ఆ చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. మిగతావి తీసెయ్యమన్నారు. తన ఫొటో పక్కన నిలబడి 'ఎంత పోలికో' అని మురిసిపోయే మనిషిని ఏమనాలి?

"ఇది తప్పు కదండీ," అన్నాను.

"ఇంకు నీది, సైన్సు నాది."

ఇంటికెళితే అమ్మ అడిగింది. "ఏటిరా, గోడ కడతారా?"

"మా సారు లెక్కలో మనిల్లు తడవదంటమ్మా."

"మొన్న తుపానుకి పొయ్యిలోకి నీల్లొచ్చీసినాయి. ఆ లెక్కల బాబుని ఓ రేత్రి ఇక్కడ పడుకోమను."

గోడ సంగతి తేల్చే కమిటీ వచ్చింది. పెద్దాయన త్రినాథరావు గారు గీత చివరి చుక్క మీద వేలు పెట్టారు.

"ఇంత పెద్ద అల కూడా సరిగ్గా కలిసిందే! ఏ రోజుది?"

సారు పొంగిపోయారు. "తుపాను రోజుదండీ. ఆ దెబ్బకి మా యంత్రమే కొట్టుకుపోయింది!"

"మరి కొలిచిందెవరు?"

సారు నాకేసి చూశారు. నాకు జాలి కలగలేదు. తీసేసిన చుక్కలన్నీ త్రినాథరావు గారు మళ్లీ పెట్టించి చూసి, గోడ కట్టాల్సిందేనని రాశారు.

మరుసటేడు గోడ లేచింది. దానిపైన పరిచిన నల్లరాతి పలక మీద సారు పేరు చెక్కారు, ప్రమాదాన్ని ముందే పసిగట్టిన శాస్త్రవేత్త అట. సిగ్గులేని మనిషి, దండ కూడా వేయించుకున్నారు.

ఆ రాయి ఎండకు బాగా కాగుతుంది. అమ్మ దాని మీద నెత్తళ్ల చేపలు ఎండేస్తూ ఓ రోజు అడిగింది.

"ఎవుడి పేరురా ఇది?"

చెప్పాను.

"ఆ లెక్కల బాబుదా?" అని ఇంకో గంపెడు తెచ్చి సరిగ్గా ఆ అక్షరాల మీదే కుమ్మరించింది.