లోతు తక్కువ అక్షరాలు

రాయి చెక్కేవాడి భార్య పోయి పద్నాలుగు నెలలు. ఊళ్ళో ఎవరి సమాధి రాయైనా అతని చేతి మీదుగా పోవాల్సిందే. సొంత భార్య రాయి మాత్రం కొట్టు వెనక గోడకు ఆనించి ఉంది. పేరు చెక్కాడు, తేదీలు చెక్కాడు. కింద జానెడు మేర ఖాళీ.

అక్కడేం చెక్కాలో ఆవిడే చెప్పి పోయింది. "ఎందుకో తెలియదు. అయినా నీ చేతుల్లోనే ఉన్నాను." దేవుడితో అన్న మాట. కడుపులో పుండుతో ఎనిమిది నెలలు గిలగిల్లాడిన మనిషి అనవలసిన మాట కాదని అతని పట్టు. ఆ ఎనిమిది నెలలూ మోకాళ్ళు కాయలు కాసేలా మొక్కాడు. గోడకు చెప్పుకున్నట్టయింది. ఆవిడను మట్టిలో పెట్టిన రోజునుంచి దేవుడితో మాట మానేశాడు.

ఆ ఉదయం కూతురు సంచీతో వచ్చింది. మర్నాడు ఆమెకు గుండె ఆపరేషన్. మధ్యాహ్నం బస్సుకు పెద్దాసుపత్రికి బయల్దేరాలి.

"నాన్నా, నేను వెళ్ళేలోగా అమ్మ మాట చెక్కు."

"వచ్చాక చూద్దాంలే."

"వస్తానని నీకెవరు చెప్పారు?"

"నోర్ముయ్. పొద్దున్నే అపశకునం మాటలు."

"దేవుడితో మాటల్లేవన్నావుగా. శకునాలతో ఉన్నాయా?"

అచ్చం తల్లి నోరే. అతను ఉలి తీశాడు.

రెండు గంటల్లో పని అయిపోయింది. అక్షరాల్లో నల్లరంగు నింపి, గుడ్డతో తుడిచి, "చూసుకో" అన్నాడు.

కూతురు ఆ కొట్టులోనే పెరిగింది. కళ్ళతో చూడలేదు, వేలితో చూసింది. మంచి చెక్కుడైతే గోరు సగం దిగాలి. ఇక్కడ గోరు జారిపోయింది. గిట్టని వాళ్ళ రాళ్ళకు తండ్రి చేసే పని అది. రంగు ఉన్నన్నాళ్ళే రాత.

"ఎన్ని వానలకు చెరిగిపోవాలి నాన్నా?"

అతను ఉలి వైపు చూశాడు. "నాలుగు."

"అమ్మ మాటకీ ఇదేనా?"

"ఆ దేవుణ్ణి జవాబు చెప్పమను ముందు. ఎనిమిది నెలలు అడిగాను. ఒక్క ముక్క పలికాడా?"

"అమ్మకి మాత్రం పలికాడా?"

అతను తలెత్తాడు.

"చివరి రాత్రి నేనే పక్కనున్నాను. నీకేమైనా తెలిసిందా అమ్మా అని అడిగాను. ఏం తెలీలేదు, అయినా ఆయన తప్ప ఎవరున్నారే అంది. రేపు మత్తు ఇచ్చేముందు నాకున్నది అదొక్కటే. దాన్ని కూడా పైపైనే గీకుతావా?"

ఆవిడకేదో జవాబు దక్కిందని, తనకే దక్కలేదని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాడు. తెలియదనే ఆవిడ చెప్పింది. స్వయంగా చెక్కి కూడా ఆ మాట చదవలేదు.

మందపాటి ఉలి తీసుకుని మొదటి అక్షరం మీద ఆనించాడు.

"బస్సు పోతుంది నాన్నా."

"పోనీ. సాయంత్రం ఇంకోటుంది."

సుత్తి దెబ్బకు రంగు పెచ్చులుగా లేచింది. సగం పంక్తి అయ్యాక చెయ్యి ఆగింది. రాయికేసి చూస్తూ దేవుడితో గొణిగాడు. "చెప్పవని తెలుసు. నిన్ను క్షమించానని కూడా అనుకోకు. అయినా పిల్లని నీ దగ్గరికే తెస్తున్నాను. వేరే దిక్కు నాకు తెలియదు."

ఎవరూ పలకలేదు. కూతురు విననట్టు సంచీ సర్దుకుంది. అతను మిగతా అక్షరాలు కూడా గోరు దిగేంత లోతుగా చెక్కాడు.

సాయంత్రం బస్సులో కూతురు అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె ఊపిరి బరువుగా, తెగి తెగి వస్తోంది. అతను ఒక్కో ఊపిరినీ వింటూ, భుజం కదలకుండా కూర్చున్నాడు.